నీటి బిల్లు వెనక లెక్క: గుమ్మఘట్ట కొళాయి నుంచి బెంగళూరు మీటరు దాకా

నీళ్లకి రేటు ఎవరు పెడతారు? ఒక ఊళ్లో నెలకి ఇంత అని అందరికీ ఒకే రుసుము ఉంటుంది, ఇంకో నగరంలో వాడిన కొద్దీ రేటు పెరుగుతూ పోతుంది. ఎందుకు ఇలా? రేటు పెంచితే జనం నిజంగా నీళ్లు పొదుపు చేస్తారా, లేక పేదవాడి మీద భారం పడటమే మిగులుతుందా? అనంతపురం జిల్లా గుమ్మఘట్ట లాంటి మండలంలో ఇవి పుస్తకాల ప్రశ్నలు కావు. ఇక్కడ కొళాయి రాని రోజు ఇంటి ఖర్చు మారిపోతుంది. ఈ మండలం నుంచి, పక్కనున్న రాయదుర్గం నుంచి పని కోసం బెంగళూరు వెళ్లి అద్దె ఇళ్లలో ఉంటున్న కుటుంబాలకి ఊళ్లో ఒక రకం బిల్లు, నగరంలో ఇంకో రకం బిల్లు. రెండింటి లెక్కా తెలిసి ఉంటే మంచిది.

గుమ్మఘట్టలో నీళ్ల పరిస్థితి

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూనే వాన పడుతుంది. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. గుమ్మఘట్ట మండలంలోనే వేదవతి నది (హగరి) మీద భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. పేరుకి పెద్ద ప్రాజెక్టే కానీ, ఎగువన కర్ణాటకలో హిరియూరు దగ్గర వాణీ విలాస సాగరం ఉంది. దానికి తోడు ఎన్నో చెరువులు. అవి నిండి పొర్లితేనే కిందికి నీళ్లు వస్తాయి. వాణీ విలాస సాగరం 1933లో పొంగిన తర్వాత మళ్లీ పొంగింది 2022లోనే. ఈ ఒక్క విషయం చాలు, ఇక్కడ నదిని నమ్ముకుని ఎందుకు ఉండలేరో అర్థం కావడానికి.

అందుకే ఈ వైపు గ్రామాల తాగునీరు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి బోరు. రెండోది దూరం నుంచి పైపుల్లో వచ్చే నీరు. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో ఏడొందలకు పైగా గ్రామాలకి నీళ్లు ఇచ్చింది. తర్వాత శ్రీరామరెడ్డి తాగునీటి పథకం పెన్న అహోబిలం రిజర్వాయరు నుంచి కళ్యాణదుర్గం, రాయదుర్గం, హిందూపురం వైపు నీళ్లు తెస్తోంది. బోరు నీళ్లలో చాలా చోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. కాబట్టి దూరం నుంచి వచ్చే నీరు ఇక్కడ సౌకర్యం కాదు, ఆరోగ్యం.

దూరం నుంచి నీళ్లు రావాలంటే మోటార్లు తిరగాలి, కరెంటు బిల్లు కట్టాలి, పైపు పగిలితే అతకాలి, పంపు ఆపరేటర్లకి జీతాలు ఇవ్వాలి. నీరు దేవుడిచ్చిందే. ఇంటి దాకా తేవడానికి మాత్రం ఖర్చవుతుంది. నీటి రేటు అనేది ఈ ఖర్చు దగ్గరే మొదలవుతుంది.

రేటు పెట్టే పద్ధతులు నాలుగు

ప్రపంచంలో ఏ ఊరు తీసుకున్నా నీటి బిల్లు ఈ నాలుగు పద్ధతుల్లో ఒకటిగానో, రెండు మూడు కలిపిన మిశ్రమంగానో ఉంటుంది.

మొదటిది నెలసరి రుసుము. మీటరు ఉండదు. పది బిందెలు పట్టుకున్నా, రోజంతా కొళాయి వదిలేసినా ఒకటే డబ్బు. మన పంచాయతీల్లో, చాలా మున్సిపాలిటీల్లో ఉన్నది ఇదే. లెక్క సులువు, వసూలూ సులువే. కానీ పొదుపు చేసినవాడికి లాభం లేదు, వృథా చేసినవాడికి నష్టం లేదు.

రెండోది మీటరు మీద ఒకే రేటు. ఎన్ని కిలోలీటర్లు వాడితే అన్నిటికీ ఒకే ధర. కిలోలీటరు అంటే వెయ్యి లీటర్లు.

మూడోది మెట్ల రేటు, అంటే స్లాబులు. మొదటి కొన్ని వేల లీటర్లు చవక. ఆ పైన రేటు ఎక్కువ, ఇంకా పైన ఇంకా ఎక్కువ. కరెంటు బిల్లు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. పొదుపు కోసం నగరాలు ఎక్కువగా పట్టుకున్న పద్ధతి ఇదే.

నాలుగోది కొంత దాకా ఉచితం, ఆ తర్వాత బిల్లు. ఢిల్లీలో 2015 మార్చి నుంచి నెలకి 20 కిలోలీటర్ల దాకా ఉచితం ఇచ్చారు. హైదరాబాదులో 2021 జనవరి నుంచి 20 కిలోలీటర్ల ఉచిత నీటి పథకం మొదలైంది.

వీటికి తోడు బిల్లులో కొన్ని అదనపు లైన్లు కనిపిస్తాయి. కనెక్షను తీసుకునేటప్పుడు ఒకసారి కట్టే డిపాజిట్టు, నీళ్లు వాడినా వాడకపోయినా పడే కనీస చార్జీ, మురుగునీటి చార్జీ, ఆలస్యానికి వడ్డీ. చాలామంది ‘నీళ్ల రేటు ఎక్కువ’ అనుకునేది నిజానికి ఈ అదనపు లైన్ల వల్లే. బిల్లు చేతికి రాగానే మొత్తం ఒక్కటే చూడకుండా ఏ లైను ఎంతో విడిగా చూడాలి.

బెంగళూరు బిల్లు ఎలా లెక్కవుతుంది

గుమ్మఘట్ట కుటుంబాలకి దగ్గరలో ఉన్న పెద్ద ఉదాహరణ బెంగళూరు. అక్కడి జల మండలి 1964లో ఏర్పడింది. కావేరి నీటిని సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి మూడు చోట్ల పంపు చేసి ఎత్తు మీదికి తెస్తుంది. దాని ఖర్చులో కరెంటుది పెద్ద వాటా.

2014లో పెట్టిన ఇళ్ల రేట్లు ఇలా ఉండేవి. మొదటి 8 కిలోలీటర్లకు ఒక్కోదానికి 7 రూపాయలు. 8 నుంచి 25 దాకా 11 రూపాయలు. 25 నుంచి 50 దాకా 26 రూపాయలు. 50 దాటితే 45 రూపాయలు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే విషయం ఒకటుంది. 26వ కిలోలీటరు వాడగానే మొత్తం నీళ్లకి 26 రూపాయల రేటు పడదు. ఏ మెట్టులో వాడిన నీళ్లకి ఆ మెట్టు రేటే పడుతుంది. లెక్క చూద్దాం. అదనపు చార్జీలు కలపకుండా, ఒక్క నీళ్లకే:

8 కిలోలీటర్లు వాడిన ఇల్లు: 56 రూపాయలు.
20 కిలోలీటర్లు వాడిన ఇల్లు: 56, దానికి 12 కిలోలీటర్లకు 132 కలిపి 188 రూపాయలు.
40 కిలోలీటర్లు వాడిన ఇల్లు: 56, 187, 390 కలిపి 633 రూపాయలు.
60 కిలోలీటర్లు వాడిన ఇల్లు: 56, 187, 650, 450 కలిపి 1,343 రూపాయలు.

20 నుంచి 40కి వెళ్తే వాడకం రెట్టింపు, బిల్లు మాత్రం మూడు రెట్లకు పైన. పొదుపు చేయమని చెప్పే మాట ఈ తేడాలోనే ఉంది. 2025 ఏప్రిల్‌లో, పదకొండేళ్ల తర్వాత ఈ రేట్లు పెంచినప్పుడు కూడా అదే దారిలో వెళ్లారు. తక్కువ వాడే మొదటి మెట్టుకి లీటరుకి 0.15 పైసా పెంచితే, 50 కిలోలీటర్లు దాటినవాళ్లకి లీటరుకి 1 పైసా పెంచారు.

రేటు ఒక్కటే సరిపోదని కూడా అదే నగరం చూపించింది. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయినప్పుడు తాగునీటితో కారు కడిగితే, తోటకి పోస్తే 5,000 రూపాయల జరిమానా అని ఉత్తర్వు ఇచ్చారు. పెద్ద స్థలాల్లో వాన నీటి సేకరణ ఏర్పాటు లేకపోతే నీటి బిల్లు మీద అదనంగా జరిమానా వేసే పద్ధతి అంతకు ముందు నుంచే ఉంది.

మొదటి మెట్టు ఎంత ఉండాలి?

మెట్ల రేటులో అసలు న్యాయం అంతా ఈ ప్రశ్నలోనే ఉంది. మనిషికి ఎన్ని నీళ్లు కావాలన్నదానికి ప్రభుత్వ లెక్కలు ఉన్నాయి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్ కింద గ్రామాల్లో మనిషికి రోజుకి 55 లీటర్లు. మురుగు కాలువల వ్యవస్థ ఉన్న నగరాల్లో 135 లీటర్లు.

అయిదుగురున్న ఇంటికి 55 చొప్పున నెలకి 8,250 లీటర్లు అవుతుంది. అంటే బెంగళూరు మొదటి మెట్టుకి దాదాపు సమానం. 135 చొప్పున అయితే 20,250 లీటర్లు. ఢిల్లీ, హైదరాబాదుల 20 కిలోలీటర్ల హద్దు దీనికి దగ్గరగా ఉంది.

ఇప్పుడు ఉమ్మడి కుటుంబం సంగతి చూద్దాం. అబ్బా, అమ్మీ, ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల భార్యలు, నలుగురు పిల్లలు. పది మంది, ఒకే మీటరు. ఒక్కొక్కరు 55 లీటర్లే వాడినా నెలకి 16.5 కిలోలీటర్లు. 100 లీటర్లు వాడితే 30 కిలోలీటర్లు. వీళ్లలో ఎవరూ వృథా చేయలేదు. అయినా మూడో మెట్టు రేటు పడింది. అదే సమయంలో ముగ్గురున్న ఇల్లు మనిషికి 200 లీటర్లు వాడినా 18 కిలోలీటర్లే కాబట్టి రెండో మెట్టులోనే ఆగిపోతుంది.

మీటరు ఇంటిని లెక్కపెడుతుంది, మనుషుల్ని కాదు. మెట్ల రేటులో ఉన్న పెద్ద లోపం ఇదే. ఒకే కనెక్షను మీద మూడు వాటాల అద్దె ఇళ్లకి కూడా ఇదే దెబ్బ. ముగ్గురు అద్దెదారులూ విడివిడిగా తక్కువే వాడినా, కలిపితే పై మెట్టు పడుతుంది. అక్కడ ఓనరు ‘నీళ్లకి ఇంత’ అని అంచనాగా వసూలు చేస్తే పొదుపు చేసే అద్దెదారుడికి ఏమీ మిగలదు. దీనికి రెండు పరిష్కారాలు ఉన్నాయి: ప్రతి వాటాకి విడి మీటరు పెట్టడం, లేదా ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి మొదటి మెట్టు పెంచడం.

ఉచితం దగ్గర ఉన్న మెలిక

ఉచిత నీటి పథకాల్లో హద్దు దాటితే ఏమవుతుందో ముందే తెలుసుకోవాలి. ఢిల్లీ పద్ధతిలో 20 కిలోలీటర్లు దాటితే దాటిన భాగానికి మాత్రమే కాదు, మొత్తం నీళ్లకి బిల్లు పడుతుంది. దీనివల్ల జనం హద్దులోపల ఉండటానికి ప్రయత్నిస్తారు, నిజమే. కానీ అతిథులు వచ్చిన నెలలో కొంచెం దాటితే చాలు, మొత్తం భారం మీద పడుతుంది.

హైదరాబాదులో ఈ లాభం పొందాలంటే మురికివాడల్లో తప్ప మిగతా ఇళ్లకి మీటరు ఉండాలి, కనెక్షనుకి ఆధార్ అనుసంధానం చేయాలి అన్నారు. అంటే చాలా ఇళ్లకి ఉచితానికి కూడా మీటరే తలుపు. పాతబస్తీ లాంటి చోట్ల ఒకే నల్లా మీద రెండు మూడు కుటుంబాలు ఉంటే, పేరు ఒకరిది, వాడకం అందరిదీ. ఇలాంటి ఇళ్లలో కాగితాలు సరిచేసుకోవడమే మొదటి పని.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కనెక్షనే లేని ఇంటికి ఉచితం వల్ల ఒరిగేదేమీ లేదు. వాళ్లు నీళ్లు కొనుక్కుంటారు.

కొనుక్కునే నీళ్ల అసలు ధర

20 లీటర్ల ఫిల్టరు నీళ్ల క్యాను 10 రూపాయలు అనుకుందాం. కిలోలీటరుకి 500 రూపాయలు పడ్డట్టు. 5,000 లీటర్ల ట్యాంకరు 600 రూపాయలు అనుకుంటే కిలోలీటరుకి 120 రూపాయలు. బెంగళూరులో 50 కిలోలీటర్లు దాటి వాడే పెద్ద బంగళాకి 2014 రేటు 45 రూపాయలే. ధరలు ఊరిని బట్టి మారతాయి, కానీ ఎక్కడైనా వరస మాత్రం ఇదే. పైపు నీళ్లు అందనివాడు పైపు ఉన్నవాడి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కడుతున్నాడు.

అందుకే ‘రేటు పెంచితే పేదవాడికి నష్టం’ అనే మాట సగమే నిజం. రేటు మరీ తక్కువ పెట్టి, మోటారు కాలిపోతే బాగు చేయించడానికి డబ్బు లేక పది రోజులు నీళ్లు ఆగిపోతే, ఆ పది రోజులు పేదవాడే క్యాను కొంటాడు. ఆ ఇంటి ఆడవాళ్లే బిందెలు పట్టుకుని దూరం నడుస్తారు. పెంచాలా వద్దా అని మాత్రమే వాదిస్తే చాలదు. ఎవరి మీద ఎంత, దానికి బదులుగా నీళ్లు సరిగ్గా వస్తాయా అని అడగాలి.

గ్రామ పంచాయతీలో రేటు ఎలా తేలుతుంది

గుమ్మఘట్ట లాంటి చోట నీటి రుసుము పంచాయతీ చేతిలో ఉంటుంది. జల జీవన్ మిషన్ నియమాల ప్రకారం ప్రతి గ్రామంలో 10 నుంచి 15 మందితో నీటి, పారిశుద్ధ్య కమిటీ ఉండాలి. అందులో సగం మంది మహిళలు ఉండాలి. ఊరి లోపలి నీటి వ్యవస్థను నడపడం, నెలకి ఎంత రుసుము అని తేల్చడం ఆ కమిటీ పనుల్లో ఉన్నాయి. 2025 బడ్జెట్‌లో ఈ మిషన్‌ని 2028 దాకా పొడిగించారు.

లెక్క ఎలా వేయాలో ఒక ఊహా ఊరితో చూద్దాం. ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలు మాత్రమే. 400 కొళాయిలున్న ఊరు. నెలకి కరెంటు 12,000, నీళ్లు వదిలే మనిషి జీతం 9,000, రిపేర్లు 4,000, క్లోరిన్ 1,000. మొత్తం 26,000. ఇంటికి 65 రూపాయలు. కానీ 260 ఇళ్లే కడితే? కట్టేవాళ్ల మీద 100 రూపాయల భారం పడాలి, లేదా 9,100 రూపాయలు లోటు మిగలాలి. లోటు నెలనెలా పేరుకుంటే మోటారు కాలిన రోజు చేతిలో ఏమీ ఉండదు. కట్టనివాడి బాకీ కట్టేవాడి నెత్తిన పడుతుందనడం ఇందుకే.

2021 నుంచి 2026 దాకా 15వ ఆర్థిక సంఘం గ్రామాలకి కేటాయించిన నిధుల్లో 60 శాతం ముడిపెట్టిన నిధులు. అందులో సగం తాగునీరు, వాన నీటి సేకరణ, నీటి పునర్వినియోగానికి, మిగతా సగం పారిశుద్ధ్యానికి వాడాలని నియమం పెట్టారు. కాబట్టి రుసుము ఎంత అని తేల్చే ముందు, ఈ నిధుల నుంచి నీళ్లకి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని గ్రామసభలో అడగడం ప్రతి కుటుంబానికీ ఉన్న హక్కు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి.

మీటర్లు లేని ఊళ్లో పొదుపు కుదరదా అంటే, కుదురుతుంది. అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో 2000ల దశాబ్దంలో రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు నడిచింది. రైతులే బోర్లలో నీటి మట్టం కొలిచారు, వాన ఎంత పడిందో రాసుకున్నారు, ఉన్న నీళ్లకి ఏ పంట సరిపోతుందో కలిసి లెక్క వేసుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి 2004 నుంచి కరెంటు ఉచితం కాబట్టి బోరు నీళ్లకి రేటు అనేదే లేదు. అయినా లెక్క కళ్ల ముందు ఉంటే జనం ఆలోచిస్తారని ఆ ప్రాజెక్టు చూపించింది. చట్టం కూడా ఉంది: 2002 వాల్టా చట్టం ప్రకారం ప్రజల తాగునీటి బోరుకి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు.

కేప్‌టౌన్ చెప్పిన పాఠం

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో మూడేళ్ల కరువు తర్వాత 2018లో కొళాయిలు పూర్తిగా కట్టేసే రోజు వస్తుందన్నారు. ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకి 50 లీటర్లే అని హద్దు పెట్టారు. పై మెట్ల రేట్లు బాగా పెంచారు. అంతకు ముందు అందరికీ ఉన్న నెలకి 6 కిలోలీటర్ల ఉచిత నీటిని నిరుపేద కుటుంబాలకే పరిమితం చేశారు. 2015తో పోలిస్తే నగరం వాడకం సగానికి పడిపోయింది. ఆ రోజు రానేలేదు.

కానీ వాడకం తగ్గితే ఆదాయమూ తగ్గింది. పైపులు, జీతాలు, రిపేర్ల ఖర్చు మాత్రం తగ్గదు. దాంతో 2018 జూలై నుంచి పైపు సైజును బట్టి నెలనెలా ఒక స్థిర చార్జీ వేశారు. ‘మేం పొదుపు చేస్తే మాకే శిక్షా’ అని అడగడం సహజం. పొదుపు రేటు పెట్టే ఏ నగరమైనా ఈ సంగతి ముందే జనానికి చెప్పాలి. లేకపోతే నమ్మకం పోతుంది.

మస్జిద్‌లో, ఇంట్లో చేయగలిగినవి

వజూ దగ్గర ఒక చిన్న లెక్క. ఒక పూటకి 40 మంది, కొళాయి తెరిచే ఉంచి మనిషికి 6 లీటర్లు వాడితే ఐదు పూటలకి రోజుకి 1,200 లీటర్లు, నెలకి 36 కిలోలీటర్లు. అదే 2 లీటర్లతో ముగిస్తే నెలకి 12. హదీసుల్లో ప్రవక్త (స) ఒక ముద్ నీటితో వజూ చేసేవారని ఉంది. ముద్ అంటే సుమారు ముప్పావు లీటరు లోపే. కాబట్టి 2 లీటర్లు పిసినారితనమేమీ కాదు. నొక్కితే వచ్చి దానంతట అదే ఆగే కొళాయిలు పెట్టడం, వజూ నీళ్లని సబ్బు కలవకుండా చెట్లకి మళ్లించడం కమిటీలు చేయగలిగిన పనులు. కనెక్షను ఏ కేటగిరీలో ఉందో కూడా చూసుకోవాలి. వాణిజ్యం కింద పడి ఉంటే మార్పు కోసం అర్జీ పెట్టాలి.

ఇంట్లో మీటరు ఉంటే రాత్రి అన్ని కొళాయిలూ కట్టేసి అంకె రాసుకోండి, పొద్దున్నే మళ్లీ చూడండి. అంకె కదిలితే ఎక్కడో లీకు ఉన్నట్టే. చుక్కచుక్కగా కారే ఒక్క కొళాయి రోజుకి 15 నుంచి 20 లీటర్లు తినేస్తుంది. రోజు మార్చి రోజు నీళ్లు వచ్చే చోట, నీళ్ల కంటే ముందు పైపులోంచి వచ్చే గాలి కూడా మీటరుని తిప్పుతుంది. బిల్లు అనుమానంగా ఉంటే ఈ విషయం రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, మీటరు పరీక్ష అడగాలి. వరసగా మూడు నెలల బిల్లులు దాచి ఉంచితే మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

మంచి రేటుని గుర్తుపట్టడానికి నాలుగు ప్రశ్నలు చాలు. కనీస అవసరానికి సరిపడా నీళ్లు చవకగా అందుతున్నాయా? ఎక్కువ వాడేవాడు నిజంగా ఎక్కువ కడుతున్నాడా? పెద్ద కుటుంబానికి, అద్దె ఇంటికి అన్యాయం జరగకుండా ఏర్పాటు ఉందా? వసూలైన డబ్బు మళ్లీ పైపులకి, మోటార్లకే వెళ్తోందా? ఈ నాలుగూ గ్రామసభలో అడగవచ్చు, నగరంలో వార్డు ఆఫీసులోనూ అడగవచ్చు.